నీటిలో శబ్దం వేగంగా వెళ్తుందంటారు, మరి మునిగి ఉన్నవాడికి గట్టు మీది కేక ఎందుకు వినపడదు?

దిగుడుబావి
ఈ వేసవిలో మా ఊరి దిగుడుబావిలో మా అబ్బాయికి ఈత నేర్పుతున్నాను. వాడు నీటిలో మునిగి ఉన్నప్పుడు పైకి రమ్మని మెట్ల మీద నుంచి ఎంత గట్టిగా కేకేసినా వాడికి ఏమీ వినిపించలేదట. అదే రోజు ఇంకో పిల్లవాడు నీటి లోపల రెండు గులకరాళ్లను ఒకదానితో ఒకటి కొడితే, బావికి అవతలి మూలన మునిగి ఉన్న మావాడికి చెవి పక్కనే కొట్టినట్టు ఖంగుమని వినిపించిందట. ఇంటికి వచ్చి పాఠ్యపుస్తకం తెరిచి, శబ్దం గాలిలో కంటే నీటిలో నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుందన్న వాక్యం చూపించి, "మరి నీ కేక నా దాకా ముందే రావాలి కదా నాన్నా" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. పుస్తకం తప్పు కాదని నమ్ముతున్నాను, వాడి చెవులు కూడా తప్పు కావు. రెంటినీ కలిపి చెప్పగలవారు ఎవరైనా వివరించండి.

సూటిప్రశ్న
నీరు గాలి కంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది కాబట్టి శబ్దం అందులోకి దూరలేదు. ఇందులో అంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

లెక్కలమ్మ
సూటిప్రశ్న గారు చెప్పినది కారణంలో ఒక భాగమే. సాంద్రత ఒక్కటే లెక్కయితే రాళ్ల చప్పుడు నీటిలో అంత బాగా ఎలా వెళ్లింది? నీటిలో ప్రయాణించడం వేరు, గాలిలో నుంచి నీటిలోకి ప్రవేశించడం వేరు. పాఠ్యపుస్తకం మొదటిదాని గురించి చెప్పింది, అబ్బాయి అడిగినది రెండోదాని గురించి.

భౌతిక_ఉపన్యాసకుడు
లెక్కలమ్మ గారు సరిగ్గా అసలు చోటనే వేలు పెట్టారు. కొంచెం విస్తారంగా రాస్తాను.

తరంగం ఒక యానకం (అది ప్రయాణించే పదార్థం) నుంచి మరో యానకంలోకి వెళ్లేటప్పుడు సరిహద్దు వద్ద దాని శక్తిలో కొంత వెనక్కి తిరుగుతుంది, మిగిలినది ముందుకు పోతుంది. శబ్దం విషయంలో ఎంత తిరుగుతుందో, ఎంత పోతుందో నిర్ణయించేది ధ్వని అవరోధం అనే రాశి. యానకపు సాంద్రతను అందులో శబ్ద వేగంతో గుణిస్తే ఇది వస్తుంది. ఒక యానకాన్ని కదిలించాలంటే ఎంత ఒత్తిడితో నెట్టాలి అన్నదానికి ఇది కొలత. ప్రమాణాల మాట పక్కన పెడితే గాలికి ఈ విలువ సుమారు 413, నీటికి సుమారు 14,80,000. అంటే నీటి అవరోధం గాలి అవరోధానికి దాదాపు 3,600 రెట్లు. ఈ రెండు అంకెలను సూత్రంలో వేస్తే, నిట్టనిలువుగా నీటిపై పడిన శబ్ద శక్తిలో సుమారు 0.11 శాతం మాత్రమే లోపలికి వెళ్తుందని తేలుతుంది. సుమారు 900 వంతుల్లో ఒక వంతు అన్నమాట. డెసిబెళ్లలో చెప్పాలంటే 30 డెసిబెళ్ల నష్టం.

రాళ్లను నీటి లోపలే కొట్టారు. వాటి శబ్దం పుట్టిందే నీటిలో కాబట్టి దానికి దాటవలసిన సరిహద్దు లేదు. దిగుడుబావి గారి కేక మాత్రం గాలిలో పుట్టి, సరిహద్దు దగ్గరే దాదాపు మొత్తంగా వెనక్కి తిరిగి, ప్రతిధ్వనిగా ఆయన చెవికే చేరింది. బావిలో మాట్లాడితే గొంతు అంత గంభీరంగా మోగడానికి రాతి గోడలతో పాటు ఆ నీటి అద్దం కూడా కారణమే.

దిగుడుబావి
నీటిని అద్దం అనడం చాలా బాగుంది. వాడికి ఈ మాటతోనే చెప్పాను, వెంటనే పట్టుకున్నాడు.

గ్యారేజీ_పక్కన
దూరంగా వస్తున్న రైలు చప్పుడు పట్టాలో ముందే వినిపిస్తుందని చెప్పేదీ ఇందుకేనా? ఇంజను బేరింగు పాడైందో లేదో చూడటానికి మా మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కి పట్టి వింటారు.

భౌతిక_ఉపన్యాసకుడు
రెండూ చక్కటి ఉదాహరణలే. చక్రం ఉక్కు, పట్టా ఉక్కు, కాబట్టి శబ్దం గాలిలోకి దిగకుండానే ఉక్కులో పరుగెత్తుతుంది. స్క్రూడ్రైవర్ విషయంలో లోహం నుంచి ఎముకకు నేరుగా దారి దొరుకుతుంది, నడుమ గాలి పొర ఉండదు. పిల్లలు చదువుతారు కాబట్టి ఒక మాట చేరుస్తున్నాను. పట్టాల మీద చెవి పెట్టే ప్రయోగం ఎవరూ చేయకండి. బల్లకు ఒక చివర చెవి ఆనించి రెండో చివర గోటితో గీకితే అదే సంగతి తెలుస్తుంది.

తీరవాసి_కాకినాడ
ఉపన్యాసకుడు గారి లెక్కను నేను కాదనడం లేదు గానీ ఒక విషయంలో సందేహం ఉంది. నీటి లోపల వినే మైక్రోఫోన్లతో నాకు కొంత పరిచయం ఉంది. గాలిలోని శబ్దం నీటిలోకి వెళ్లినప్పుడు నీటి లోపల పీడనం సగం కావడం కాదు, రెట్టింపు అవుతుందని మాకు నేర్పారు. పీడనం రెట్టింపైతే శక్తి 900వ వంతు ఎలా అవుతుంది?

లెక్కలమ్మ
రెండూ నిజమే, తీరవాసి గారు. శక్తి ప్రవాహం అంటే పీడన వర్గాన్ని అవరోధంతో భాగించగా వచ్చేది. పీడనం రెట్టింపైతే లవం నాలుగు రెట్లవుతుంది, హారం 3,600 రెట్లు పెరుగుతుంది. నాలుగును 3,600తో భాగిస్తే మళ్లీ 900వ వంతే వస్తుంది. నీటిని నెట్టే ఒత్తిడి బాగానే ఉంది, కానీ ఆ ఒత్తిడికి నీటి కణాలు దాదాపు కదలడం లేదు. కదలిక లేని ఒత్తిడి శక్తిని మోయలేదు. నిలబడి ఉన్న లారీని చేతులతో ఎంత నెట్టినా లారీకి ఏ పనీ అందనట్టే ఇది.

తీరవాసి_కాకినాడ
స్పష్టమైంది. చాలా ఏళ్లుగా మనసులో ఉన్న ముడి ఇది.

సూటిప్రశ్న
అయితే నా మాటను కొంచెం సవరించి చెప్తాను. యానకం ఎంత సాంద్రమైతే కాంతి అంత నెమ్మదిస్తుంది, శబ్దం అంత వేగం అందుకుంటుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగిలినదంతా దాని నుంచే వస్తుంది కదా. విరళ యానకం, సాంద్రతర యానకం అని పుస్తకాలు అంటున్నది కూడా దీన్నే.

భౌతిక_ఉపన్యాసకుడు
ఈ సూత్రం రెండు వైపులా విఫలమవుతుంది. నేను తరగతిలో ఏటా దీనితోనే పోరాడుతున్నాను కాబట్టి కాస్త పట్టుదలగా రాస్తే మన్నించండి.

ముందు కాంతి సంగతి. టర్పెంటైను నీటి మీద తేలుతుంది, వేరుశెనగ నూనె కూడా తేలుతుంది. రెండూ నీటి కంటే తేలికైన ద్రవాలే. అయినా రెంటి వక్రీభవన గుణకం, అంటే కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, సుమారు 1.47, నీటిది 1.33. అంటే తేలికైన నూనెలోనే కాంతి ఎక్కువ నెమ్మదిస్తోంది. పుస్తకంలోని "సాంద్రతర" అన్న మాట తక్కెడలో తూగే సాంద్రతను ఉద్దేశించినది కాదు, కాంతి వేగాన్ని ఉద్దేశించినది. ఆ పదాన్ని ఎంచుకోవడం వల్లనే తరతరాల విద్యార్థులు పొరబడుతున్నారని నా అభిప్రాయం.

ఇక శబ్దం. దాని వేగం యానకపు బిగువును, అంటే స్థితిస్థాపకతను, సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. సాంద్రత హారంలో ఉంది! బిగువు మారకుండా సాంద్రత మాత్రమే పెరిగితే శబ్దం నెమ్మదిస్తుంది. నీటిలో శబ్దం వేగంగా వెళ్లడానికి కారణం నీరు బరువైనది కావడం కాదు, నీటిని నొక్కడం గాలిని నొక్కడం కంటే ఎన్నో వేల రెట్లు కష్టం కావడం. సీసం అల్యూమినియం కంటే నాలుగు రెట్లకు పైగా సాంద్రమైనది. అయినా శబ్దం సీసంలో సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు, అల్యూమినియంలో ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెళ్తుంది.

సూటిప్రశ్న
నూనె ఉదాహరణ నాకు నిజంగా తెలియదు. నా సూత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంటర్_రెండో_ఏడాది
నూనె ఉదాహరణ నేను ఇంట్లో చూశాను. బోరోసిలికేట్ గాజుతో చేసిన సన్నని గొట్టాన్ని వంట నూనెలో ముంచితే మునిగిన భాగం కంటికి ఆనదు. నీటిలో ముంచితే మాత్రం కనిపిస్తుంది. ఆ గాజు గుణకం కూడా సుమారు 1.47 అని మా సార్ చెప్పారు.

భౌతిక_ఉపన్యాసకుడు
ఇది అన్నిటికంటే మంచి ప్రదర్శన. గుణకాలు కలిస్తే కాంతి వంగదు, వెనక్కి తిరగదు కూడా. వంగనిదాన్ని, మెరవనిదాన్ని కన్ను పట్టుకోలేదు.

కానీ సరిగ్గా ఇక్కడే కాంతికీ శబ్దానికీ ఒక తేడా ఉంది. పుస్తకాలు దాన్ని చెప్పవు. మామూలు పారదర్శక పదార్థాలలో కాంతికి ఒకే అంకె రెండు పనులు చేస్తుంది. ఎంత వంగాలో చెప్పేదీ వక్రీభవన గుణకమే, ఎంత తిరిగి రావాలో చెప్పేదీ అదే. శబ్దానికి అలా కాదు. ఎంత వంగాలో వేగాల నిష్పత్తి చెబుతుంది, ఎంత తిరిగి రావాలో అవరోధాల నిష్పత్తి చెబుతుంది. ఇవి రెండు వేరు వేరు అంకెలు.

పాదరసాన్ని తీసుకోండి. అందులో శబ్ద వేగం సెకనుకు సుమారు 1,450 మీటర్లు, నీటిలో సుమారు 1,480. దాదాపు సమానం. కాబట్టి నీటి నుంచి పాదరసంలోకి ఏటవాలుగా వెళ్లే శబ్దం దాదాపు వంగకుండా సూటిగా పోతుంది. కానీ పాదరసం నీటికి 13.6 రెట్లు సాంద్రమైనది కాబట్టి అవరోధం కూడా సుమారు 13 రెట్లు ఎక్కువ. అందువల్ల నిట్టనిలువుగా పడిన శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు సరిహద్దు నుంచే వెనక్కి వస్తాయి. వంగడం లేదు, తిరిగి రావడం మాత్రం ఎక్కువగా ఉంది. కాంతితో అలవాటైన మనసుకు ఇది వింతగా తోస్తుంది.

స్కానింగ్_గది
నేను అల్ట్రాసౌండ్ విభాగంలో పని చేస్తాను. ఈ అవరోధం అన్న మాట మా రోజువారీ పనికి ప్రాణం. పొట్ట మీద చల్లటి జెల్ ఎందుకు రాస్తారని ప్రతి రోగీ అడుగుతారు. శబ్దాన్ని పంపి అందుకునే ప్రోబుకూ చర్మానికీ నడుమ పలుచటి గాలి పొర మిగిలినా సరే, పంపిన శబ్దంలో 99.9 శాతం అక్కడి నుంచే తిరిగొస్తుంది, తెర మీద ఏమీ కనపడదు. జెల్ ఆ గాలిని తొలగించి, దాదాపు మన శరీర కణజాలంతో సమానమైన అవరోధం గల దారిని వేస్తుంది. మందు కాదు, వంతెన.

లోపలికి వెళ్లాక మాకు కావలసింది కొంచెం కొంచెం తేడాలు. కొవ్వుకూ కండరానికీ నడుమ సరిహద్దులో సుమారు ఒక శాతం శక్తి తిరిగి వస్తుంది, అదే మాకు బొమ్మ గీస్తుంది. ఎముక వస్తే సుమారు 40 శాతం తిరిగొస్తుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని ఎముకే పీల్చుకుంటుంది, దాని వెనుక నల్లని నీడ పడుతుంది. పిత్తాశయంలో రాయిని మేము గుర్తుపట్టేది రాయి మెరుపుతో పాటు దాని వెనుక పడే ఆ నీడను చూసే. పేగుల్లో గాలి ఉంటే దాని వెనుక ఉన్నవి కనిపించవు. గర్భాశయం చూడవలసి వచ్చినప్పుడు మూత్రాశయం నిండేదాకా నీళ్లు తాగమని చెప్పేది అందుకే. నిండిన మూత్రాశయం గాలి ఉన్న పేగులను పక్కకు నెట్టి, శబ్దానికి కిటికీలా పనిచేస్తుంది.

గంటల తరబడి బిగపట్టుకొని కూర్చునే గర్భిణులకు ఈ కారణాన్ని ఎవరూ చెప్పరు. చెప్తే ఆ ఇబ్బందిని కొంత ఓర్చుకోగలరని నా అనుభవం.

లెక్కలమ్మ
మా అమ్మాయికి స్కాన్ చేసిన చోట నాలుగు సీసాల నీళ్లు తాగించి, కారణం అడిగితే విసుక్కున్నారు. మీరు రాసిన నాలుగు వాక్యాలు ఆ రోజు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

చెవి_ముక్కు_గొంతు
ఇదే లెక్క మన చెవి లోపల కూడా ఉంది. లోపలి చెవి ద్రవంతో నిండి ఉంటుంది, బయట ఉన్నది గాలి. గాలి శబ్దం నేరుగా ఆ ద్రవం మీద పడితే దిగుడుబావి గారి కేకకు పట్టిన గతే దానికీ పడుతుంది, సుమారు 30 డెసిబెళ్లు పోతాయి. నేల మీద బతికే జీవులకు ఈ నష్టాన్ని పూడ్చేది మధ్య చెవి. కర్ణభేరిలో కంపించే వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, మూడో ఎముక అడుగుభాగం సుమారు 3.2 చదరపు మిల్లీమీటర్లు. విశాలమైన చోట పడిన బలాన్ని చిన్న చోట కేంద్రీకరించడం వల్ల పీడనం సుమారు 17 రెట్లవుతుంది. మూడు చిన్న ఎముకలు తులాదండంలా పనిచేసి దాన్ని ఇంకో 1.3 రెట్లు పెంచుతాయి. మొత్తం మీద సుమారు 22 రెట్లు. పోయే 30 డెసిబెళ్లలో చాలా భాగం ఇలా తిరిగి దక్కుతుంది.

చీము పట్టిన చెవిని ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ఈ ఎముకలు కరిగిపోతాయి. అప్పుడు లోపలి చెవి నిక్షేపంగా ఉన్నా, రోగికి గాలి శబ్దం సరిగ్గా అందదు. కంపించే శృతిదండాన్ని చెవి వెనుక ఎముకకు ఆనిస్తే మాత్రం బాగా వినిపిస్తుందంటారు. గ్యారేజీ_పక్కన గారి స్క్రూడ్రైవర్ సూత్రమే మా పరీక్ష గదిలోనూ పనిచేస్తుంది.

నీటిలో మునిగినప్పుడు మనిషి ఎక్కువగా కపాలపు ఎముకల ద్వారానే వింటాడు. పైగా శబ్ద వేగం నాలుగు రెట్లకు పైగా ఉండటం వల్ల రెండు చెవులకూ చేరే కాలభేదం నాలుగో వంతుకు తగ్గిపోతుంది, దిక్కు తెలియదు. అబ్బాయికి రాళ్ల చప్పుడు చెవి పక్కనే కొట్టినట్టు అనిపించింది అందుకే.

దిగుడుబావి
వాడు కచ్చితంగా అదే అన్నాడు, ఎటు నుంచి వచ్చిందో తెలియలేదట. నేను ఆ వివరాన్ని రాయకుండానే మీరు చెప్పారు.

లెక్కలమ్మ
ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంతసేపూ మనం నిట్టనిలువుగా పడిన శబ్దం గురించే మాట్లాడుకున్నాం. మెట్ల మీద నిలబడినవారి కేక ఏటవాలుగా కదా పడుతుంది?

కాంతి గాలి నుంచి నీటిలోకి వెళ్తే లంబం (నీటి మట్టానికి నిట్టనిలువు గీత) వైపు వంగుతుంది. శబ్దం నీటిలో వేగం పెంచుకుంటుంది కాబట్టి లంబానికి దూరంగా వంగుతుంది. అంటే శబ్దం దృష్టిలో గాలే "సాంద్రతర" యానకం, నీరు "విరళ" యానకం! కాబట్టి సంపూర్ణ పరావర్తనం, అంటే మొత్తంగా వెనక్కి తిరగడం, గాలి వైపు నుంచే జరుగుతుంది. 343ను 1,480తో భాగించి కోణం చూస్తే అది మొదలయ్యే సందిగ్ధ కోణం, లంబం నుంచి కొలిస్తే, 13 డిగ్రీల పైచిలుకు వస్తుంది. నోరు నీటికి 5 మీటర్ల ఎత్తున ఉంటే, సరిగ్గా కింద సుమారు 1.2 మీటర్ల వ్యాసార్ధం గల వలయంలో పడిన శబ్దానికే లోపలికి అనుమతి, అదీ 900వ వంతు. ఆ వలయానికి బయట పడినదానికి ఆ మాత్రమూ లేదు.

భౌతిక_ఉపన్యాసకుడు
ఈ లెక్క నేను వేయకుండా వదిలేసినందుకు బాధగా ఉంది, ఇది ఈ చర్చకు కిరీటం లాంటిది. ఒక చిన్న సవరణ మాత్రం చేరుస్తాను. సంపూర్ణ పరావర్తనంలో కూడా అలజడి సరిహద్దు దగ్గరే తెగిపోదు, కొద్ది లోతు వరకు లోపలికి పాకి క్రమంగా అంతరించిపోతుంది. మగ గొంతులోని మంద్ర స్వరాలకు గాలిలో తరంగదైర్ఘ్యం (ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి దూరం) మీటరుకు పైగా ఉంటుంది కాబట్టి, తల నీటి ఉపరితలానికి జానెడు లోతులోనే ఉన్నవాడికి ఏదో అస్పష్టంగా వినపడవచ్చు. బావి గోడలను తాకి తిరిగిన శబ్దంలో కొంత నిలువుగా పడే అవకాశమూ ఉంది. లోతుకు వెళ్లినకొద్దీ మాత్రం మీ వలయమే నిజం.

తీరవాసి_కాకినాడ
1826లో జెనీవా సరస్సులో కొలాడాన్, స్టర్మ్ అనే ఇద్దరు నీటిలో శబ్ద వేగాన్ని కొలిచినప్పుడు గంటను నీటి లోపల మోగించారు. అదే క్షణంలో తుపాకిమందు వెలిగించి వెలుగు చూపించారు. సుమారు 13 కిలోమీటర్ల దూరాన రెండో పడవలో ఉన్నవారు, ఒక కొన నీటిలోకి దించిన పొడవాటి గొట్టానికి చెవి పెట్టి విన్నారు. వచ్చిన విలువ సెకనుకు 1,435 మీటర్లు, ఆ చల్లటి నీటికి నేటి కొలతలతో దాదాపు సరిపోతుంది. పడవలో ఊరికే కూర్చొని వింటే సరిపోదా, గొట్టం ఎందుకు అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. నీటిలోని శబ్దం గాలిలోకి రావడానికీ అదే 900వ వంతు నియమం ఉందని ఈ చర్చలో అర్థమైంది.

మా వైపు మరపడవల్లో నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని వినే ఎకో సౌండర్లు ఉంటాయి. చేప మాంసం అవరోధం నీటికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి అందులో నుంచి ప్రతిధ్వని బలహీనంగా వస్తుంది. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది, యంత్రానికి గట్టిగా జవాబిచ్చేది అదే. సొరచేపకు గాలితిత్తి లేదు, అందుకే అంత పెద్ద శరీరమైనా దానికి తగినంత ప్రతిధ్వని రాదు.

ఇంటర్_రెండో_ఏడాది
నాదొక ప్రశ్న. నీటిలో కాంతి తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. 650 నానోమీటర్ల ఎర్ర కాంతి నీటిలో సుమారు 490 అవుతుంది, గాలిలో ఆ తరంగదైర్ఘ్యం ఉన్నది నీలం కదా. నీటిలో మునిగి చూస్తే ఎర్ర బంతి నీలంగా ఎందుకు కనిపించదు? పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని తరంగాలు అన్నది) మారదని పుస్తకంలో ఉంది, ఎందుకు మారదో లేదు.

లెక్కలమ్మ
నాట్లకు వెళ్లే కూలీలు గట్టు మీద వరుసగా నడిచి, దమ్ము చేసిన మడిలోకి దిగుతున్నారనుకో. బురదలో అడుగు నెమ్మదిస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య ఎడం తగ్గుతుంది. కానీ నిమిషానికి పది మంది గట్టు దిగితే, నిమిషానికి పది మందే మడిలోకి ప్రవేశిస్తారు. లేకపోతే గట్టు అంచున మనుషులు పోగుపడాలి, లేదా లేని మనుషులు పుట్టుకురావాలి. సరిహద్దుకు చేరే తరంగ శిఖరాలకూ, దాన్ని వదిలే శిఖరాలకూ ఇదే లెక్క. మారేవి వేగం, ఎడం. సెకనుకు ఎన్ని అన్నది మారదు.

భౌతిక_ఉపన్యాసకుడు
ఆ కూలీలు పక్కపక్కనే బారుగా నడుస్తూ ఏటవాలుగా మడిలోకి దిగితే, ముందు దిగినవారు ముందు నెమ్మదిస్తారు కాబట్టి ఆ బారు మొత్తం దిశ మారుతుంది. వక్రీభవనం అంటే అదే.

రంగు విషయానికి వస్తే, కంటిలోని వర్ణకాలు స్పందించేది పౌనఃపున్యానికి. ఇంకో విధంగా చూసినా సందేహం తీరుతుంది. కనుగుడ్డులో రెటీనా ముందున్న ద్రవపు గుణకం సుమారు 1.336. బంతి గాలిలో ఉన్నా, నీటిలో ఉన్నా, ఆ కాంతి రెటీనాను చేరే వేళకు ఆ ద్రవంలోనే ఉంటుంది, దాని తరంగదైర్ఘ్యం రెండు సందర్భాలలోనూ ఒకటే. లోతైన సముద్రంలో ఎరుపు నల్లబడటం నిజమే, కానీ అది నీరు ఎర్ర కాంతిని పీల్చుకోవడం వల్ల జరిగేది, దీనితో సంబంధం లేదు.

నీటిలో కాంతి నెమ్మదిస్తుందన్న సంగతి కూడా ఒకప్పుడు వివాదమే. కాంతిని కణాలుగా భావించిన న్యూటన్ లెక్కలో నీటిలో వేగం పెరగాలి, తరంగమన్న హైగెన్స్ లెక్కలో తగ్గాలి. 1850లో ఫూకో గాలిలోనూ నీటిలోనూ వేగాలను పోల్చి, నీటిలోనే తక్కువని చూపించాడు.

సూటిప్రశ్న
పౌనఃపున్యం ఎన్నడూ మారదు అనడం సరికాదు. ఆకుపచ్చ లేజర్ పాయింటర్లలో చాలా వాటి లోపల పుట్టేది 1,064 నానోమీటర్ల పరారుణ కాంతి, ఒక స్ఫటికం గుండా వెళ్లి 532 అవుతుంది. అక్కడ పౌనఃపున్యం రెట్టింపైంది కదా.

భౌతిక_ఉపన్యాసకుడు
ఈసారి మీదే సరైన మాట. ఆ స్ఫటికం తీవ్రమైన కాంతికి తగిన నిష్పత్తిలో స్పందించదు, అందువల్ల కొత్త పౌనఃపున్యం పుడుతుంది. సరిహద్దే కదులుతున్నా డాప్లర్ ప్రభావం వల్ల మారుతుంది. సరిహద్దు నిలకడగా ఉండి, యానకం అనుపాతంలో స్పందించినంత వరకు మారదు అని చెప్పాలి. నేను తరగతిలో ఇకపై ఈ రెండు షరతులు కలిపి చెప్తాను.

ఇంటర్_రెండో_ఏడాది
అమ్మ కళ్లద్దాలకు వేసిన పూత వల్ల ప్రతిబింబాలు తగ్గాయి. తిరిగి రావలసిన కాంతి ఎక్కడికి పోయింది?

భౌతిక_ఉపన్యాసకుడు
ముందుకే పోయింది. పూత లేని గాజు ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. పూత మందం అందులోని తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, పూత పై అంచు నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే రెండు తరంగాలు ఒకదానికొకటి ఎదురై రద్దవుతాయి. శక్తి నశించదు కాబట్టి ఆ మేరకు లోపలికి వెళ్లేది పెరుగుతుంది. మధ్యస్థమైన ఒక పదార్థాన్ని మెట్టులా పెట్టడమే ఇందులోని కిటుకు.

స్కానింగ్_గది
మా ప్రోబు ముఖానికీ సరిగ్గా అలాంటి పొరే ఉంటుంది. లోపలి స్ఫటికపు అవరోధం చర్మం కంటే చాలా ఎక్కువ కాబట్టి, నడుమ పావు తరంగదైర్ఘ్యం మందంతో ఒక పొర వేస్తారు. కళ్లద్దాల పూతా అదేనని నాకు ఇవాళే తెలిసింది.

రాత్రిశ్రోత
ధనుర్మాసంలో పక్క ఊరి గుడి మైకు తెల్లవారుజామున మా ఊళ్లో స్పష్టంగా వినిపిస్తుంది, పగలు అదే మైకు వినపడదు. నిశ్శబ్దం ఒక్కటే కారణమా?

భౌతిక_ఉపన్యాసకుడు
నిశ్శబ్దమూ ఉంది, వక్రీభవనమూ ఉంది. గాలిలో ఒక్కో డిగ్రీ వేడికి శబ్ద వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉంటుంది. పైకి వెళ్లిన శబ్దం అక్కడ వేగం పెంచుకొని, క్రమంగా నేల వైపు వంగి దూరాన దిగుతుంది. మధ్యాహ్నం ఇది తిరగబడి శబ్దం ఆకాశం వైపు వంగిపోతుంది. ఇక్కడ స్పష్టమైన సరిహద్దు లేదు కాబట్టి తిరిగి రావడం దాదాపు లేదు, వంగడం మాత్రమే ఉంది. పాదరసానికి ఇది సరిగ్గా తలకిందుల ఉదాహరణ.

కావలి_వాస్తవ్యుడు
మా ఊరి పేరు ఈ విషయంలో చరిత్రకెక్కింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970లలో కావలి నుంచి పడమటి తీరంలోని ఉడిపి దాకా, సుమారు 600 కిలోమీటర్ల పొడవున, సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో భూగర్భాన్ని లోతుగా పరిశీలించింది. నేలలో బోర్లు వేసి మందుగుండు పేల్చి, తరంగాలు లోపలి పొరల సరిహద్దుల నుంచి తిరిగొచ్చిన, వంగి వచ్చిన కాలాలను వరుసగా పేర్చిన పరికరాలతో నమోదు చేశారు. మన కాళ్ల కింద భూపటలం ఎంత మందమో అలా తెలిసింది. స్కానింగ్_గది గారు పొట్టకు చేసేదే వాళ్లు దక్షిణ భారతానికి చేశారు.

తీరవాసి_కాకినాడ
భూమి మొత్తానికీ అలాగే తెలిసింది. తాము సాగే దిశకు అడ్డంగా కణాలను ఊపే తిర్యక్ తరంగాలు ద్రవం గుండా వెళ్లలేవు. భూకంపం తర్వాత అవి భూగోళపు అవతలి వైపుకు నేరుగా చేరకపోవడం వల్లనే భూమి నడిబొడ్డున ఉన్న కేంద్రకపు బయటి పొర ద్రవమని గ్రహించారు. ఏమీ అందకూడని నీడ ప్రాంతంలో బలహీనమైన తరంగాలు కనిపించడాన్ని పట్టుకొని, ద్రవం లోపల మరొక అంతర్భాగం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రజ్ఞురాలు ఇంగె లేమాన్ తేల్చింది.

దిగుడుబావి
ఈ ఉదయం మేమిద్దరం బావికి వెళ్లి మూడు పరీక్షలు చేశాం. మొదట నేను నేరుగా పైనుంచి వంగి కేకేశాను, వాడు నిలువెత్తు లోతులో ఉన్నాడు, ఏమీ వినలేదన్నాడు. తర్వాత ఇత్తడి చెంబును నీటిలో ముంచి గరిటెతో కొట్టాను, గట్టిగా వినిపించిందన్నాడు. మూడోది వాడి ఆలోచన. స్క్రూడ్రైవర్ సంగతి చదివి వినిపించాను కదా, ఎండిన వెదురు గడను ఒక కొన నీటిలో మునిగేలా నిలబెట్టి, పై కొనను నా చెవి ముందరి ఎముకకు గట్టిగా నొక్కి పట్టుకోమన్నాడు. వాడు నీటి లోపల రాళ్లు కొట్టాడు. గడ తీసేస్తే మెట్ల మీద నాకు సన్నగా టిక్కుమన్న చప్పుడు మాత్రమే వచ్చింది. గడ ఆనిస్తే ప్రతి దెబ్బా ఎముకలోకి దిగింది. ఇప్పుడు నేను గడ పై కొనను కొడితే లోపల వాడికి వినపడుతుందని, రెండు దెబ్బలు కొడితే పైకి రావాలని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం.